బేస్‌మెంట్ డ్రైవాల్‌కి 6800 డాలర్ల కోట్, ఇది న్యాయమేనా?

జెర్సీ_శీను:
అందరికీ నమస్తే. మాది న్యూజెర్సీ, బేస్‌మెంట్ ఫినిష్ చేయిస్తున్నాం, ఫ్రేమింగ్ (గోడల చట్రం), కరెంటు పని అయిపోయి ఇన్‌స్పెక్షన్లు కూడా పాసయ్యాయి, ఇప్పుడు డ్రైవాల్ దగ్గర, అంటే గోడలకీ సీలింగ్‌కీ జిప్సం షీట్లు బిగించే పని దగ్గర ఆగాం. 24 బై 30, అంటే 720 స్క్వేర్ ఫీట్, ఎత్తు 8 అడుగులు, మధ్యలో 14 అడుగుల గోడ ఒకటి. ఒకాయన మెటీరియల్‌తో కలిపి 6800 అన్నాడు, ఇంకొకాయన 4200కి చేసిపెడతా అంటున్నాడు. 6800ని 720తో భాగిస్తే అడుగుకి తొమ్మిదిన్నర డాలర్లు పడుతోంది, షీటేమో స్టోర్‌లో 16 డాలర్లే, మా ఆవిడ యూట్యూబ్ చూసి మనమే చేసేసుకుందాం అంటోంది. అసలు ఎన్ని షీట్లు పడతాయి, ఎంతవుతుంది, చేయించుకున్నవాళ్ళు ఎవరైనా చెప్పండి ప్లీజ్.

ఒహాయో_మావయ్య:
శీనూ, ముందు ఆ 720ని మర్చిపో. డ్రైవాల్ లెక్క నేలకి కాదయ్యా, బోర్డు ఎక్కే ప్రతి అడుగుకీ. చుట్టూ 108 అడుగులు, 8తో గుణిస్తే 864, మధ్య గోడ రెండు వైపులా 224, సీలింగ్ 720, మొత్తం 1808. 4 బై 8 షీటు 32 అడుగులు కదా, వేస్టేజీకి పది శాతం కలిపితే 63 షీట్లు. తలుపులు, చిన్న కిటికీలు లెక్కలోంచి తీసెయ్యకు, అక్కడ కోసిన ముక్కలు ఎలాగూ చెత్తలోకే. షీట్లకి వెయ్యి డాలర్లు, ఆ పైన మడ్ (సందులు పూడ్చే లప్పం లాంటి ముద్ద) నాలుగున్నర గ్యాలన్ల బకెట్లు 4, పేపర్ టేపు 500 అడుగుల రోల్స్ 2, ఒకటింపావు అంగుళం స్క్రూలు 5 పౌండ్ల డబ్బాలు 2, బయటి మూలలన్నిటికీ అంచు కాపాడే పట్టీ, కార్నర్ బీడ్. అంతా కలిపినా 1400 దాటదు. మిగతాదంతా కూలీయే. బోర్డు అడుగుకి చూస్తే ఒకడిది 3.75, ఇంకోడిది 2.30. మీ ఏరియాకి మొదటిది కాస్త ఎక్కువే, అయినా దోపిడీ మాత్రం కాదు.

లప్పం_లక్ష్మి:
మావయ్య గారి లెక్క కరెక్టే కానీ అసలు తేడా ఫినిషింగ్‌లో ఉందండి. ఇది మనూళ్ళో లప్పం పని లాంటిదే, గోడ కట్టడం ఎవరికైనా వస్తుంది, నున్నగా తీయడమే చెయ్యి తిరగాలి. షీట్ల సందుల మీద మడ్‌తో టేపు పెట్టి, ఆరాక మడ్ ఇంకోసారి, మళ్ళీ ఆరాక ఇంకోసారి, తర్వాత సాండింగ్, అంటే గరుకు కాగితంతో రుద్దడం, బేస్‌మెంట్‌లో తేమకి ఒక్కో కోటు ఆరడమే పెద్ద పని, తేమ లాగే డీహ్యూమిడిఫైయర్ పెట్టుకోండి. ఇద్దర్నీ ఒకటే అడగండి, ఫినిషింగ్ ఎంత నున్నగా ఇస్తారు, లెవెల్ 4నా లెవెల్ 5నా అని. మామూలు మ్యాట్ పెయింట్‌కి 4 చాలు, 5 అంటే గోడ మొత్తం పల్చగా మడ్ లాగుతారు, కిటికీ వెలుతురు పక్కనుంచి పడే గోడకో నిగనిగలాడే పెయింట్‌కో తప్ప దానికి డబ్బులు పెట్టక్కర్లేదు.

ఇంకోటి, షీటు పొడుగు అంచులు కొంచెం పల్చగా ఉంటాయి కాబట్టి టేపు అందులో కూర్చుంటుంది, పొట్టి అంచులకి ఆ పల్లం ఉండదు, అక్కడే ఉబ్బు కనిపిస్తుంది. 12 అడుగుల షీట్లు వాడితే అలాంటి జాయింట్లు తగ్గుతాయి, కాకపోతే మీ మెట్ల మలుపులో అవి తిరుగుతాయా లేదా ముందే చూస్కోండి.

జెర్సీ_శీను:
థాంక్స్ మావయ్యా, థాంక్స్ లక్ష్మి గారూ. 4200 ఆయనకి ఫోన్ చేశా, అందులో షీట్లు మనమే కొనాలంట, సాండింగ్ "లైట్‌గా" చేస్తాడంట, ప్రైమర్ లేదంట, మిగిలిన ముక్కలు కూడా మనమే పారేసుకోవాలంట 🙂 సరే, షీట్లు మేమే బిగించి మడ్ పని ఒక్కటి బయటికిస్తే ఎలా ఉంటుంది?

డల్లాస్_డీఐవై:
బ్రో అదే బెస్ట్, ఇద్దరు ఫ్రెండ్స్‌ని పిలిచి షీట్లని సీలింగ్‌కి ఎత్తిపట్టే డ్రైవాల్ లిఫ్ట్ రెంట్‌కి తెచ్చుకో, ముందు సీలింగ్ తర్వాత గోడలు, గోడల్లో కూడా పై వరస ముందు, కింద నేలకి అర అంగుళం గ్యాప్ వదులు లేకపోతే కాంక్రీట్‌లో తేమ పైకి పీలుస్తుంది.

ఒహాయో_మావయ్య:
చెయ్యొచ్చు గానీ బాబూ, ముందు టేపింగ్ వాడిని మాట్లాడుకున్నాకే బిగించండి. వేరేవాళ్ళు బిగించినదానికి కొంతమంది రానే రారు, వచ్చినా సందులు వెడల్పుగా ఉంటే, స్క్రూ తల కాగితం చించుకుని లోపలికి పోయుంటే వాటన్నిటికీ విడిగా డబ్బులడుగుతారు. అప్పుడు మిగిలేది అంతంతమాత్రం. ఎవరికిచ్చినా పేపర్ మీద రాయించుకో, న్యూజెర్సీలో 500 డాలర్లు దాటిన ఇంటి పనికి రాతపూర్వక కాంట్రాక్ట్ ఉండాలి, కాంట్రాక్టర్‌కి స్టేట్ రిజిస్ట్రేషన్ కూడా ఉండాలి. ఆఖరి పేమెంట్ ప్రైమర్ వేశాకే ఇవ్వు, రాత్రిపూట గోడకి ఆనించి టార్చ్ వేసి చూడు, వంకలన్నీ అప్పుడే బయటపడతాయి.

లప్పం_లక్ష్మి:
అన్నట్టు శీను గారూ, మెట్ల కింద స్టోరేజ్ పెడుతున్నారా? పెడితే దాని లోపల వైపు కూడా అర అంగుళం బోర్డు ఉండాలని బిల్డింగ్ కోడ్‌లో ఉంది, మీ 63లో అది లేదు, ఇంకో మూడు నాలుగు షీట్లు వేసుకోండి.