అప్‌డేట్: బరంపురంలో పిన్ని వాళ్ళింటికి వెళ్ళొచ్చా

మొన్న అడిగాను కదా, పిన్ని వాళ్ళు ఒడిశాలో బరంపురం ఊరి చివర అంబపువాలో ఇల్లు కట్టుకున్నారు, నాకు ఒడియా ముక్క రాదు, పగలు వాళ్ళు డ్యూటీకి పోతే ఒక్కదాన్నే తిరగ్గలనా అని. తిరిగాను, బానే ఉంది.

ముందు ఒకటి, రైలు దిగేటప్పుడు బోర్డు మీద బ్రహ్మపూర్ అని ఉంటుంది, అదే బరంపురం, మనం దిగాల్సిన ఊరు కాదేమో అని కంగారు పడకండి, నేను పడ్డాను 😅. భాష గురించి అనవసరంగా భయపడ్డా, పిన్ని నేర్పిన "కేతే టంకా" (ఎన్ని రూపాయలు అని) బట్టీపట్టి ఆటో అతన్ని అడిగితే "ఇరవై ఇవ్వమ్మా" అని తెలుగులోనే అన్నాడు.

ఇబ్బంది అంతా కాలనీలోనే, ఇళ్ళన్నీ కొత్తవి, అన్నీ ఒకేలా ఉంటాయి, బోర్డులేమో ఒడియాలో, ఫోన్‌లో మ్యాప్ నమ్ముకుని పోతే సందు కాస్తా ఒక గోడ దగ్గర ఆగిపోయింది, మేడ మీద వడియాలు ఎండబెడుతున్న ఒకావిడ అక్కణ్ణించే కేకేసి దారి చెప్పింది. మీరు వెళ్తే ఇంటి దగ్గర గుడో, షాపో ఏదో ఒక గుర్తు అడిగి పెట్టుకోండి.

టిఫిన్‌కి ఇడ్లీతో ఘుగుని, అంటే బఠాణీ కూర, ఇస్తారు, మొదట ఇదేం జోడీరా అనుకున్నా గానీ మూడో రోజుకి నేనే అడిగి వేయించుకున్నా. మన రాష్ట్రపతిగా చేసిన వి.వి. గిరి గారు 1894లో పుట్టింది ఈ ఊళ్ళోనేనట, బాబాయి చెప్పేదాకా తెలీదు.

గోపాల్‌పూర్ బీచ్ పదిహేను కిలోమీటర్లే, సాయంత్రం వెళ్ళాం, అలలు గట్టిగా ఉన్నాయి, పాదాలు తడుపుకుని వచ్చేశాం. ఇక్కడి కుంభం అంచు (గుడి గోపురంలా కోణాలుగా నేసిన అంచు) పట్టుచీర మాత్రం కొనలేదు, రేటు విని పిన్ని చీరే కట్టుకుని ఫొటో దిగా.