కల్పిత దేశాలకు పేర్లు ఎలా పెట్టాలి? నావి మందుల పేర్లలా ఉన్నాయట

గుణుపురం నుంచి (అడిగినవారు):
నమస్కారమండి. పిల్లల కోసం ఒక సాహస నవల రాస్తున్నాను, సగం అయింది. అందులో మూడు దేశాలు. సముద్రం ఒడ్డున ఉప్పు పండించే చిన్న దేశం ఒకటి, ఏటికి ఎగువన కొండ దేశం ఒకటి, ఒకప్పుడు ఈ రెండిటినీ ఏలిన పెద్ద రాజ్యం ఒకటి. వరసగా మెలోరియా, క్రాల్టన్, జొరావియా అని పెట్టుకున్నాను. మా ఆవిడకి మందుల షాపు ఉంది. రాత్రి చదివి వినిపిస్తే "మెలోరియా భోజనానికి ముందా, తరవాతా?" అంది. అప్పట్నుంచి ఆ పేర్లు రాయాలంటే చెయ్యి ఆడటం లేదు. పోనీ సువర్ణద్వీపం లాంటివి పెడదామంటే పాత జానపద సినిమా సెట్టింగు గుర్తొస్తోంది. దారి చెప్పండి.

బరంపురం నుంచి:
మీ ఆవిడగారిది మంచి చెవి. చిక్కంతా ఆ 'ఇయా' తోకతోనే. అది గ్రీకు, లాటిన్ల నుంచి వచ్చిన తోక. ఇండోనేషియాకి అదెందుకు ఉందంటే, దీవి అనే గ్రీకు మాటను ఇండియాకి అతికించింది యూరప్ పండితులు గనక. మీ కథలో ఆ చదువు చదివిన దొరలు ఎవరూ లేరు కదా, మరి ఉప్పు మడుల వాళ్ళకి ఈ తోక తగిలించిందెవరు? ఇంకో సంగతి, పేరులో గొప్ప అర్థం దాచాలని తాపత్రయపడకండి. నెదర్లాండ్స్ అంటే పల్లపు నేలలు, అంతే. కామెరూన్ పేరు రొయ్యల నుంచి వచ్చింది. పోర్చుగీసు నావికులకి అక్కడి ఏట్లో రొయ్యలు కనిపించాయి, ఏటికి రొయ్యల పేరు పెట్టారు, అదే దేశానికీ పాకింది.

రాయగడ నుంచి:
ఊరికే అక్షరాలు కూర్చినా పేరు నిలబడుతుందండి. పాకిస్తాన్ 1933లో ప్రాంతాల పేర్లలోంచి అక్షరాలు ఏరి అల్లిందే కదా. 1964లో టాంగన్యికా, జాంజిబార్ కలిసి టాంజానియా అయింది.

బరంపురం నుంచి:
నిజమే గాని, పాకిస్తాన్‌కి ఫార్సీలో 'పవిత్రమైన చోటు' అనే అర్థం కూడా అమరింది. రెండోదాంట్లో కలిసిన రెండు దేశాలూ పేరులోనే కనబడుతున్నాయి. క్రాల్టన్‌లో ఏం కనబడుతోంది చెప్పండి?

పర్లాకిమిడి నుంచి:
బళ్ళో ముప్పై ఏళ్ళు పాఠాలు చెప్పినవాణ్ణి, కాస్త పొడుగ్గా చెప్తాను, ఓపిక పట్టండి.

పేరు పెట్టే ముందు, పెట్టిందెవరో తేల్చుకో నాయనా. మన కాగితాల మీద పరలఖెముండి, నోట్లో పర్లాకిమిడి. రైలు టికెట్ మీద బ్రహ్మపూర్, బస్సు దగ్గర అరిచేది బరంపురం. 1992లో గంజాం నుంచి మా జిల్లాని విడదీసినప్పుడు గజపతి మహారాజు పేరు పెట్టారు, బొలివర్ పేరున బొలీవియా ఏర్పడ్డట్టు. ఒక్క చోటికి ఇన్ని పేర్లు, ప్రతి పేరు వెనకా ఎవరో ఒకరున్నారు. పక్కవాళ్ళు పిలిచే పేరు మరీ చిత్రం. జర్మనీని ఫ్రెంచివాళ్ళు ఒక తెగ పేరుతో, ఫిన్లాండువాళ్ళు ఇంకో తెగ పేరుతో పిలుస్తారు. మనల్ని మలయావాళ్ళు కళింగం పట్టుకుని 'క్లింగ్' అన్నారు, బర్మావాళ్ళు కోరంగి రేవు పట్టుకుని 'కోరంగీ'లన్నారు. మనం మాత్రం తక్కువ తిన్నామా, రంగూన్‌ని 'రంగం' చేసేశాం.

నీ ఉప్పు దేశం తీసుకుందాం. అక్కడి జనం తమ నేలని 'నెదురు' అనుకుంటారనుకో. అర్థం వాళ్ళకే తెలీదు, ఫరవాలేదు. కొండవాళ్ళు నడిమి అచ్చు మింగేసి 'నెద్రు' అంటారు. పెద్ద రాజ్యం నుంచి శిస్తు రాసుకోడానికి ఒక కరణం వస్తాడు. అతని చెవికి 'నెద్రు' మొరటుగా తగిలి దఫ్తరంలో 'నేత్రపురం' అని దిద్దుతాడు. నూరేళ్ళు పోయాక, అమ్మవారి కన్ను పడిన చోటిది అని గుళ్ళో పూజారి స్థలపురాణం చెప్తాడు. చూశావా, పేరుతో పాటు ఒక అధ్యాయానికి సరిపడా కథా వచ్చింది. సరిహద్దు గేటు దగ్గర పలకమీద నేత్రపురం అని ఉంటుంది, పడవవాడు నెదురనే అంటాడు. ఎవరు ఏ పేరు వాడారో చూస్తే చాలు, మనిషి ఎటువైపో పాఠకుడు పోల్చుకుంటాడు.

పేర్లు మారడం కూడా వాడుకో. గోల్డ్ కోస్ట్ 1957లో స్వతంత్రం రాగానే ఘనా అయింది. ఆ పాత ఘనా రాజ్యం నిజానికి అక్కడ లేదు, చాలా దూరాన వాయవ్యంగా ఉండేది. అయినా గొప్ప పేరు కదా, తెచ్చుకున్నారు. అప్పర్ వోల్టా 1984లో బుర్కినా ఫాసో అయింది, ఒక్కో మాట ఒక్కో స్థానిక భాషలోంచి. నీ నెదురువాళ్ళు గెలిచాక నేత్రపురం పలక పీకేస్తారా, ఉంచుకుంటారా? అది నువ్వే తేల్చాలి.

జయపురం నుంచి:
మాస్టారు చెప్పినదానికి ఒక చేర్పు. ఒక దేశంలో ఊళ్ళ పేర్లన్నిటికీ ఒకే రకం తోకలు రెండో మూడో ఉండాలి. మా వైపు చూడండి, కొరాపుట్, జోలాపుట్, సిమిలిగుడ. 'గడ' అని ఉంటే కోట గుర్తొస్తుంది, 'గుడ' అంటే చిన్న పల్లె. కొండ దిగి శ్రీకాకుళం వైపు వెళ్తే వలసలు, పేటలు మొదలవుతాయి. బస్సు కిటికీలోంచి బోర్డులు చదువుకుంటూ పోతే చాలు, మనుషులు మారారని తెలిసిపోతుంది. అయితే సవర, కువి మాటలు అందంగా ఉన్నాయని తెలియకుండా ఎత్తుకోకండి. అవి బతికున్న భాషలు. వాడాలనిపిస్తే ఆ భాష మాట్లాడేవాళ్ళని అడిగి వాడండి.

ఇంకోటి, పేరు పెట్టాక ఒడియా స్నేహితుడికి ఒకసారి వినిపించండి. నేనొక రాజధానికి ముచ్చటగా పేరు పెట్టి చదివితే మా పక్కింటాయన టీ కక్కేశాడు. ఆ పేరు ఇక్కడ రాయలేను.

రాయగడ నుంచి:
విభక్తి పరీక్ష కూడా చేయండి. పేరు పక్కన 'కి' పెట్టి గట్టిగా చదవండి. నేత్రపురానికి, నెదురుకి: రెండూ మన నోట్లో వంగాయి. క్రాల్టన్‌కి అంటే పరాయిగా బిగుసుకుంది. పరాయితనమే కావాలంటే అలాగే హల్లుతో వదిలేయండి. మనిషిని ఏమంటారో కూడా చూసుకోండి. నెదురోడు అంటే బావుంది. మెలోరియావాడు అంటే ఏదో జ్వరం తగిలినవాడిలా లేదూ?

గుణుపురం నుంచి (అడిగినవారు):
మాస్టారూ, నెదురు నేను వాడుకోవచ్చా? కొండ దేశానికి 'తోలగడ' అనుకుంటున్నాను, రాత్రి మా ఆవిడ మీద ప్రయోగిస్తాను. ఒక్క సందేహం. పుస్తకం మొదట్లో మ్యాప్ వేయిస్తున్నాను. దానిమీద ఏ పేరు అచ్చు వేయాలి?

పర్లాకిమిడి నుంచి:
నిక్షేపంగా వాడుకో. మ్యాప్ కథలో ఎవరు గీశారు? రాజ్యం మనిషైతే నేత్రపురం. పడవవాడి కొడుకు గీస్తే నెదురు, ఉప్పు మడులు ఉండాల్సినదానికంటే కాస్త పెద్దవిగా.