తొమ్మిదో తరగతి పిల్లకి రాత్రి ఏడింటిదాకా స్కూలేంటండీ? ఏ రూల్ ఒప్పుకోవాలి, ఏది అడగాలి?

బ్రాడీపేట వాసి:

మా పాప తొమ్మిదో తరగతి, గుంటూరులోనే ఒక ప్రైవేటు స్కూలు, పేరు చెప్పను. స్టేట్ సిలబస్. పొద్దున 6.50కి సందు చివర బస్సు ఎక్కితే మళ్ళీ ఇల్లు చేరేది రాత్రి ఏడుంబావుకి. నాలుగున్నరకి పీరియడ్లు అయిపోతాయి, ఓ అరగంట స్నాక్స్ అంటారు, అక్కడ్నుంచి ఆరున్నర దాకా స్టడీ అవర్. ఇంటికొచ్చాక స్నానం, అన్నం, హోంవర్కు, మర్నాటి స్లిప్ టెస్టుకి చదువు, పడుకునేసరికి పదకొండు దాటుతుంది. ఐదున్నరకి లేపాలంటే నాకే ప్రాణం ఉసూరుమంటుంది. ఆదివారం కూడా వీక్లీ టెస్టని సగం రోజు అక్కడే.

ఇదంతా ఒక ఎత్తు, మొన్న జరిగింది ఒక ఎత్తు. ఆషాఢం కదా అని మా అత్తగారు ఆకు రుబ్బి పిల్లకి గోరింటాకు పెట్టారు. మర్నాడు అసెంబ్లీలో చేతులు చూసి ఫస్ట్ పీరియడ్ అంతా క్లాసు బయట నిలబెట్టారు, డైరీలో ఎర్ర ఇంకుతో రాసి రెండు వందలు ఫైన్ కట్టమన్నారు. కడిగితే పోయేదా అండీ అది? పండిన చేతుల్ని చూసుకుని మురిసిపోవాల్సిన పిల్ల ఆ వారమంతా ఇంట్లో కూడా పిడికిళ్ళు బిగించుకునే తిరిగింది.

రూల్స్ కాగితం ఇప్పుడు నా ముందే ఉంది. రెండు జడలు మడిచి కట్టాలి, తెల్ల రిబ్బన్లు. బుధవారం, శనివారం తెల్ల బూట్లు. ఐడీ కార్డు లేకపోతే గేటు దగ్గరే ఆపేస్తారు. రోజూ డైరీలో తల్లో తండ్రో సంతకం. బంధువుల పెళ్ళిళ్ళకి సెలవు అడగకూడదు. మా ఆయనేమో "నువ్వెళ్ళి అడిగితే రేపట్నుంచి పిల్ల మీద కన్నేస్తారు, టెన్త్ అయ్యేదాకా ఓపిక పట్టు" అంటారు. ఇందులో ఏది అన్ని చోట్లా ఉండేదే, ఏది అతి? అడగాలంటే దేని గురించి అడగాలి? టీచర్లు ఎవరైనా ఉంటే చెప్పండి ప్లీజ్.

లెక్కల మాస్టారు (ప్రకాశం జిల్లా):

అమ్మా, నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కలు చెబుతాను. ముందు మీకు నచ్చని మాట ఒకటి చెబుతాను, ఏమనుకోకండి. జడలు, ఐడీ కార్డు, బూట్లు, డైరీ సంతకం, వీటి జోలికి వెళ్ళకండి. రెండు జడలంటే ల్యాబులో స్పిరిట్ దీపం దగ్గర జుట్టు ముందుకి పడదు, పేల బాధ కూడా తక్కువ. ఐడీ కార్డు బస్సు ఎక్కే పిల్లకి అవసరం. హాజరు విషయంలో వాళ్ళు గట్టిగా ఉండడం కూడా తప్పు కాదు, పబ్లిక్ పరీక్షకి 75 శాతం హాజరు అడుగుతారు, పెళ్ళిళ్ళ సీజన్లో మా బడిలో క్లాసుకి సగం మంది కూడా కనపడరు, ఆ తర్వాత వాళ్ళకి త్రికోణమితి మళ్ళీ మొదట్నుంచి చెప్పలేక నా గొంతు పోతుంది.

గోరింటాకుకి బయట నిలబెట్టడం మాత్రం ఒప్పుకోకూడదు. కార్తీకంలో అయ్యప్ప మాల వేసుకున్న పిల్లలు నల్ల బట్టల్లో, చెప్పుల్లేకుండా వస్తారు, రానిస్తాం, యూనిఫాం రూలు అప్పుడేమీ కూలిపోదు. విద్యా హక్కు చట్టం 2009లో 17వ సెక్షన్ పిల్లల్ని కొట్టడంతో పాటు మానసికంగా వేధించడాన్ని కూడా నిషేధించింది. ఆ చట్టం లెక్క 14 ఏళ్ళ దాకానే అని ఎవరైనా మీకు పాఠం చెప్పబోతే, పద్దెనిమిది లోపు ఎవరైనా సరే, తమ అధీనంలో ఉన్న పిల్లల్ని హింసిస్తే బాల న్యాయ చట్టం 2015లో 75వ సెక్షన్ ఉందని గుర్తుంచుకోండి. గోరింటాకు గొడవకి ఈ చట్టాలు పట్టుకుని వెళ్ళమని కాదు, మీరు అడిగేది గొంతెమ్మ కోరికేం కాదని మీకు తెలియడానికి చెబుతున్నా.

కానీ అసలు అడగాల్సింది గోరింటాకు గురించి కాదమ్మా, టైము గురించి. 13 నుంచి 18 ఏళ్ళ పిల్లలు రోజుకి 8 నుంచి 10 గంటలు నిద్రపోవాలని నిద్ర వైద్యులు చెబుతారు. మీ పాప పదకొండుకి పడుకుని ఐదున్నరకి లేస్తే ఆరున్నర గంటలు. రోజుకి గంటన్నర అప్పు, వారానికి పదిన్నర గంటలు, ఆదివారం తీర్చుకుందామంటే ఆ రోజూ టెస్టే. ఇలాంటి పిల్లకి స్టడీ అవర్లో పుస్తకం తెరిచి ఉంటుంది గానీ బుర్రకి ఏమీ ఎక్కదు. మా సర్కారు హైస్కూలు 9 నుంచి 4. టెన్త్ వాళ్ళకి మాత్రం డిసెంబరు తర్వాత వంద రోజుల ప్రణాళిక అని పొద్దున ఒక గంట, సాయంత్రం ఒక గంట కలుపుతాం, మార్చిలో పరీక్ష పెట్టుకుని అది తప్పదు. ఆరు సబ్జెక్టులు, వందేసి మార్కులు, సైన్సు యాభై యాభైగా రెండు రోజులు, అంతే కదా. దానికి తొమ్మిదో తరగతి జూన్ నుంచే పిల్లని రాత్రిదాకా కూర్చోబెట్టడం దేనికో నాకు అర్థం కాదు.

(మా ఆరో తరగతి పిల్లలు కూడా గడగడా చెప్పే ప్రతిజ్ఞ రాసింది మన పైడిమర్రి వెంకట సుబ్బారావు గారు, 1962లో, విశాఖలో ట్రెజరీ ఉద్యోగం చేస్తూ. అందులో పెద్దల్ని గౌరవించమనే ఉంది, పెద్దల్ని చూసి వణకమని లేదు.)

గురుకులం బ్యాచ్:

మాస్టారూ, స్టడీ అవర్ మీద అంత కోపం వద్దు. నేను గురుకులంలో చదివాను. మా నాన్న కౌలు రైతు, ఇంట్లో ఒకటే గది, ఒకటే బల్బు, అందులోనే టీవీ. నన్ను ఎవరో ఒకరు కూర్చోబెట్టి చదివించకపోతే ఇవాళ ఈ ఉద్యోగం లేదు. 1971లో పీవీ నరసింహారావు గారు ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు సర్వేలులో గురుకులం మొదలుపెట్టింది కూడా నాలాంటి ఇళ్ళ పిల్లల కోసమే కదా. ఇంట్లో చెప్పేవాళ్ళు ఉన్నవాళ్ళకి స్టడీ అవర్ భారంగా ఉంటుంది, లేనివాళ్ళకి అదే దిక్కు.

అయితే ఒక తేడా ఉంది, అది ఈ ప్రైవేటు వాళ్ళు వదిలేశారు. మాకు ఐదింటికి విజిల్, పీటీ, స్నానం దగ్గర క్యూ, టిఫిన్ ముందు ఒక స్టడీ, అన్నీ ఉండేవి. కానీ సాయంత్రం ఆటలు తప్పనిసరి. గ్రౌండుకి రాకుండా గదిలో పుస్తకం పట్టుకుని కూర్చుంటే వార్డెన్ సార్ తిట్టేవారు, చదువుతున్నా కూడా. ఇంకోటి, తొమ్మిదిన్నరకి లైట్లు ఆపేసేవాళ్ళు. పరీక్షల ముందు మేం దుప్పట్లో టార్చి వేసుకుని చదివితే ఆ టార్చి లాక్కుని ట్రంకు పెట్టెల గదిలో పెట్టి తాళం వేసిన రోజులున్నాయి. చదవమనే రూలు ఎంత గట్టిదో పడుకోమనే రూలూ అంతే గట్టిది. మీ స్కూలు వాళ్ళు మొదటి సగం గురుకులం నుంచి తీసుకుని రెండో సగం మీ ఇంటి మీద వేశారు. అక్కా, వెళ్ళినప్పుడు ఒక్క ప్రశ్న అడగండి: గంటన్నర స్టడీ అవర్ పెట్టినప్పుడు హోంవర్కు ఇంకా ఇంటికెందుకు వస్తోంది?

ఇన్‌ఛార్జ్ మేడమ్:

నేను ఇలాంటి స్కూల్లోనే ఫ్లోర్ ఇన్‌ఛార్జ్‌ని కాబట్టి లోపలి సంగతి చెబుతాను. పైన అందరూ స్కూలుని తిడుతున్నారు గానీ, స్టడీ అవర్ ఎత్తేద్దామని మేం ఒకసారి మీటింగులో అంటే ముందు అభ్యంతరం చెప్పింది పేరెంట్సే. ఇద్దరూ ఉద్యోగాలు, పిల్ల నాలుగున్నరకే ఇంటికొస్తే ఫోను పట్టుకుంటుందని భయం. పక్క స్కూల్లో ఏడింటిదాకా ఉంచుతున్నారట అని పోల్చేదీ వాళ్ళే. అడ్మిషన్ల టైములో టైమింగ్స్ తక్కువున్న స్కూలంటే చదువు తక్కువనే లెక్క. మాకేమైనా సరదానా, ఆ ఏడింటిదాకా మేమూ అక్కడే, దానికి ఎక్స్‌ట్రా పైసా రాదు, మా పిల్లలు ఇంట్లో మా కోసం చూస్తుంటారు.

ఇప్పుడు పనికొచ్చే మాట. చాలా స్కూళ్ళలో డే స్కాలర్ (పీరియడ్లు అవగానే ఇంటికి) వేరు, సెమీ రెసిడెన్షియల్ (స్టడీ అవర్ దాకా ఉండి ఇంటికి) వేరు. మీరు చెప్పిన టైమింగ్స్ సెమీవి. ఫీజు రసీదు తీసి చూడండి, దాని మీద ఏముందో. డే స్కాలర్‌కి మార్చమని అడగొచ్చు, నాలుగున్నర బస్సు కింది క్లాసులకి ఎలాగూ తిరుగుతుంది. అసెంబ్లీ టైములో గేటు దగ్గర, నలుగురు పిల్లల ముందు అడగకండి. డైరీలో కూడా పెద్దగా రాయకండి, డైరీ క్లాస్ టీచర్ చూసి పైకి పంపేసరికి అది కంప్లైంట్ అయి కూర్చుంటుంది. మధ్యాహ్నం రెండు తర్వాత ప్రిన్సిపాల్ గారి దగ్గరికి మీరిద్దరూ వెళ్ళండి. ఇద్దరూ అంటే ఇద్దరూ. తల్లి ఒక్కతే వస్తే మావాళ్ళు "సరేనమ్మా చూద్దాం" అని పంపేస్తారు, ఇది నేను చెప్పకూడదు గానీ నిజం.

పిల్ల మీద కన్నేస్తారన్న మీవారి భయం పూర్తిగా ఉత్తిది అనను. ఎక్కువగా ఉండేది మాత్రం కక్ష కాదు, రెండు మూడు రోజులు సూటిపోటి మాటలు. అది జరిగితే అప్పుడు మాస్టారు చెప్పిన సెక్షన్లు పనికొస్తాయి.

టెన్త్ బి సెక్షన్:

ఆంటీ నేను టెన్త్, విజయవాడ. మాకు జడలు, బూట్లు అసలు ప్రాబ్లమే కాదు, అలవాటైపోయింది. బయట నిలబెట్టినప్పుడు పక్క సెక్షన్ వాళ్ళు వాటర్ బాటిల్ నింపుకోడానికి వస్తూ చూస్తారు, అదే బాధ. ఫైన్ అయితే మా నాన్న కడతారు, అది మాకు తెలియను కూడా తెలీదు. స్టడీ అవర్లో నిజంగా చదివేది మొదటి ముప్పావుగంటే, ఆ తర్వాత సార్ కూడా ఫోన్ చూసుకుంటారు. ఇంకొకటి, పాపని అడిగారా? మా అమ్మ నన్ను అడక్కుండా వెళ్ళి మాట్లాడింది, నేను ఫ్రెండ్స్ నుంచి వేరే బ్యాచ్‌లో పడ్డాను.

ఇర్వింగ్ నాన్న:

టెక్సస్ నుంచి. మా అబ్బాయి ఇక్కడ హైస్కూలు, అంటే 9 నుంచి 12. ఇక్కడ రూల్స్ ఉండవనుకుంటారు మనవాళ్ళు. క్లాసుకీ క్లాసుకీ మధ్య కొద్ది నిమిషాలే, గంట కొట్టాక లోపలికెళ్తే టార్డీ, అంటే ఆలస్యం అని రాస్తారు, బాత్రూమ్‌కి వెళ్ళాలన్నా హాల్ పాస్ కావాలి. 90 శాతం హాజరు లేకపోతే మామూలుగా ఆ సబ్జెక్టు క్రెడిట్ ఇవ్వరు, 75 కాదు. 2025లో చట్టం తెచ్చి బడి గంటల్లో ఫోన్లు కూడా ఆపేశారు. జుట్టు సంగతి, గోరింటాకు సంగతి ఎవరూ పట్టించుకోరు, దీపావళికి మా వీధి తెలుగు పిల్లలంతా మోచేతుల దాకా పెట్టుకునే బడికి వెళ్తారు. మావాడూ మార్చింగ్ బ్యాండ్ అని సాయంత్రం దాకా ఎండలో ఉంటాడు, చేరింది వాడే, వద్దనుకుంటే మానేసేదీ వాడే. మార్కుల్లో తేడా వస్తే టీచరుకి మెయిల్ పెట్టాల్సింది కూడా వాడే, నేను పెడితే "మీ అబ్బాయినే అడగమనండి" అని జవాబొస్తుంది.

గురుకులం బ్యాచ్:

అన్నా, అక్కడ సాయంత్రం వాడికి గ్రౌండు ఉంది. ఇక్కడ చాలా స్కూళ్ళు అపార్ట్‌మెంటు లాంటి బిల్డింగులు, ఆటల పీరియడ్ అంటే సెల్లార్‌లో బస్సుల మధ్య. పోలిక కుదరదు.

బ్రాడీపేట వాసి:

అందరికీ చాలా థ్యాంక్స్ అండీ. మేడమ్ చెప్పినట్టు రసీదు తీశాను. సెమీ రెసిడెన్షియల్ అనే ఉంది, అడ్మిషన్ రోజు ఎవరూ మా దగ్గర ఆ మాటే ఎత్తలేదు, డే స్కాలర్ అని ఒకటుందని మేడమ్ చెప్పాకే తెలిసింది. మా ఆయనకి చూపిస్తే ఆయనకీ మండింది, సోమవారం పర్మిషన్ పెట్టి వస్తానన్నారు.

పాపని కూడా అడిగాను. అది పూర్తిగా మానేయనంది! సోమ, గురువారాలు లెక్కల సార్ ఉంటారట, డౌట్లు బాగా చెబుతారట, ఆ రెండు రోజులు ఉంటానంది. మిగతా రోజులు నాలుగున్నర బస్సుకి వచ్చేస్తానంది. గోరింటాకు గురించి మాత్రం అడగొద్దని మరీ మరీ చెప్పింది, నేను అడుగుతాను, కానీ ఫైన్ గురించి కాదు, బయట నిలబెట్టడం గురించి. ఇలా వారానికి రెండు రోజులు అంటే ఒప్పుకుంటారా మేడమ్? ఫీజు తేడా వెనక్కిస్తారా?

ఇన్‌ఛార్జ్ మేడమ్:

రెండు రోజులకి ఒప్పుకోవచ్చు, బస్సు రూటు ఒకటే అయితే. ఫీజు వెనక్కి రావడం కష్టం, తర్వాతి టర్మ్‌లో తగ్గించమని అడగండి, అక్కడ కాస్త దిగుతారు.

లెక్కల మాస్టారు (ప్రకాశం జిల్లా):

నోటిమాటతో వదిలేయకండమ్మా. తెల్ల కాగితం మీద లెటర్ రాసి, ఏ రోజులు ఉంటుందో, ఏ రోజులు నాలుగున్నరకి వస్తుందో రాసి, ఇద్దరూ సంతకాలు పెట్టి ఇవ్వండి. జిరాక్స్ మీద ఆఫీసులో స్టాంపు, తేదీ వేయించుకోండి. క్లాస్ టీచరుకి, బస్సు ఆయాకి కూడా ఆ రోజే చెప్పండి, లేకపోతే మొదటి మంగళవారం నాలుగున్నర బస్సు పాప లేకుండానే వెళ్ళిపోతుంది.