32 వారాల బాబు సీప్యాప్ మీద ఉన్నడు, హైదరాబాద్ తీస్కపోవాల్నా?

మిర్యాలగూడ మేనమామ:
మా చెల్లెకు నిన్న నల్లగొండల కాన్పయింది. 32 వారాలకే. బాబు, కిలో ఆరు వందల గ్రాములు. పుట్టంగనే ఏడ్చిండు గానీ కాసేపటికే మూలుగుడు షురువైంది, డొక్కలు లోపలికి గుంజుకపోతున్నయ్. ముక్కుకు సీప్యాప్ పెట్టిన్రు, అంటే ముక్కుల నుంచి ఒత్తిడితోని గాలి పంపే గొట్టం, దాని ఇంకో కొస నీళ్ల సీసాల ఉంది. రాత్రి గొంతుల పైపేసి ఊపిరితిత్తులల్ల ఏదో మందు పోసి పైపు తీసేసిన్రు. మా బావ అయితే "వెంటిలేటర్ పెట్టకుంట నీళ్ల సీసా పెట్టి కూసున్నరు, పా హైదరాబాద్ పోదం" అని ఒక్కటే లొల్లి. కారు గూడ మాట్లాడిండు. తెలిసినోళ్లు చెప్పున్రి, ఏం జెయ్యాలె?

పిల్లల వార్డు సిస్టర్:
తమ్మీ, ముందుగాల ఆ కారు వద్దని చెప్పు. సీప్యాప్ తీసి బిడ్డను ఒళ్లె వెట్టుకొని పోతే నార్కట్‌పల్లి దాటకముందే ఏమన్నా కావచ్చు. పంపుడే అవసరమైతే డాక్టరే అక్కడ బెడ్ మాట్లాడి, ఇంక్యుబేటరున్న అంబులెన్సుల, సీప్యాప్ తియ్యకుంట పంపుతడు.

రాత్రి పోసింది సర్ఫాక్టెంట్. ఆవు లేకుంటే పంది ఊపిరితిత్తులకెల్లి తయారుచేస్తరు, బిడ్డ బరువును బట్టి పోస్తరు. నెలలు నిండిన పిల్లలకు అది సొంతంగనే ఉంటది. 34 వారాల లోపు పుట్టినోళ్లకు సాలదు, గాలి సంచులు తడి పాలిథిన్ కవర్ లెక్క అతుక్కపోతయ్. డొక్కలు గుంజేది అందుకే.

నీళ్ల సీసాను చిన్నచూపు చూడొద్దు. పైపు కొస నీళ్లల్ల 5 సెంటీమీటర్లు మునిగితే అంత ఒత్తిడి లోపల నిలుస్తది, ఊపిరి ఇడిసినప్పుడు సంచులు మూసుకపోవు. బుడగలు ఆగినయంటే ముక్కు కాడ గాలి పోతున్నట్టు, లేకుంటే బిడ్డ నోరు తెరిసినట్టు. నైట్ డ్యూటీల మానిటర్ కంటె ఆ సప్పుడు మీదనే నా చెవి ఉంటది. వెంటిలేటర్ అంటేనే పెద్ద వైద్యం అనుకుంటరు మనోళ్లు. లేత ఊపిరితిత్తులను అది దెబ్బతీస్తది గూడ, సీప్యాప్‌తోని ఎల్లితే అదే మేలు.

డాక్టర్‌ను ఒక్కటడుగు: "ఆక్సిజన్ ఎంత శాతం మీదున్నడు?" మనం పీల్చే గాలిల 21. మందు పోసినంక అది దిగుతుండాలె. దిగకుంట ఎక్కుతున్నా, మధ్యమధ్యల ఊపిరి ఆపుతున్నా అప్పుడు వెంటిలేటర్ మాట. సాచురేషన్, అంటే రక్తంల ఆక్సిజన్ శాతం, 90 నుంచి 95 ఉంటే సాలు, 100 కావాలని కొట్లాడొద్దు. ఎక్కువ ఆక్సిజన్ కండ్లకు ముప్పు. నెల లోపల కండ్ల పరీక్ష గూడ మర్చిపోవద్దు.

కాన్పుకు ముందు మీ చెల్లెకు, కడుపుల బిడ్డ ఊపిరితిత్తులు తయారుకావాలని ఇచ్చే ఇంజక్షన్లు ఇచ్చిన్రా?

జడ్చర్ల నాయిన:
మా పాప సంగతి వేరే. నెలలు నిండినంకనే పుట్టింది, మూడు కిలోలు. ఉమ్మనీరు పచ్చగుండె, పాప లోపలనే దొడ్డికి పోయి అది ఊపిరితిత్తులల్లకు పోయిందన్నరు. కుడి చెయ్యికొకటి, కాలుకొకటి సాచురేషన్ క్లిప్పులు పెట్టిన్రు. చేతికి 93, కాలుకు 81. ఊపిరితిత్తుల రక్తనాళాలు తెరుసుకుంటలేవు, రక్తం ఆడికి పోకుంట పక్కదారి పడ్తుందని సమజు చేసిన్రు. మమ్ముల డాక్టర్లే హైదరాబాద్ పంపిన్రు, అంబులెన్సుల డాక్టర్ గూడ వచ్చిండు. ఆడ వెంటిలేటర్ గాలిల నైట్రిక్ ఆక్సైడ్ కలిపిన్రు, పది లక్షల పాళ్లకు 20 పాళ్లే. ఎక్మో అనేది గూడ చెప్పిన్రు, రక్తాన్ని బయటికి తీసి ఆక్సిజన్ పట్టించి మళ్ల పంపే మిషను. దాని దాక రాలె. ఇప్పుడు బడికి పోతుంది. అన్నా, మీ బావకు చెప్పు, మేం పోయినం గదా అని మీరూ పోవాలని లేదు.

పిల్లల వార్డు సిస్టర్:
అవును అన్నా. ఎక్మోల రక్తం గడ్డకట్టకుంట మందియ్యాలె, నెలలు నిండని పిల్లలకు మెదడుల రక్తం కారొచ్చు. అందుకే 34 వారాలు, రెండు కిలోలు దాటినోళ్లకే మామూలుగ చూస్తరు. ఈ బాబు లెక్కనే వేరే.

మిర్యాలగూడ మేనమామ:
అక్కా, అడిగిన. నిన్న 45 మీదుండెనట, ఇప్పుడు 28. కారు వద్దని చెప్పిన, బావ ఇంక మూతి ముడుసుకొనే కూసున్నడు. ఇంజక్షన్ ఒక్కటే పడ్డది, రెండోది ఇయ్యకముందే నొప్పులెక్కువైనయ్. చెల్లె పైనున్న వార్డుల ఏడుస్తుంది, ఆమెకేం చెప్పాలె?

పిల్లల వార్డు సిస్టర్:
28 అంటే మంచిగనే దిగుతుంది. ఒక్కటి పడ్డా ఎంతోకొంత పనిచేస్తది. చెల్లెను పాలు పిండమను, రెండు మూడు గంటలకోసారి, రాత్రి గూడ. చుక్కలే వస్తే చుక్కలే పంపున్రి, ట్యూబుల ఒకటి రెండు ఎంఎల్ నుంచే మొదలుపెడ్తం. ఆ గిన్నె పైకి కిందికి మోసే పని మీ బావకు చెప్పు.