వియత్నాం యుద్ధం తర్వాత అమెరికా అధ్యక్షుడు కార్టర్ ఇచ్చిన క్షమాభిక్షలో సైన్యం వదిలి పారిపోయినవాళ్లను ఎందుకు చేర్చలేదు?

నమస్కారమండీ. నేను టొరంటోలో ఉంటాను. మా పక్కింటి పెద్దాయన పుట్టింది అమెరికాలో. 1969లో వియత్నాం యుద్ధానికి రమ్మని పిలుపొస్తే వెళ్లకుండా సరిహద్దు దాటి వచ్చేశారట. మొన్న వాకిట్లో మంచు తీస్తూ చెప్పారు. అప్పటి నుంచి దీని గురించే చదువుతున్నాను.

ఇలా యుద్ధాన్ని తప్పించుకున్నవాళ్లను క్షమించడానికి 1974 సెప్టెంబరు 16న అప్పటి అమెరికా అధ్యక్షుడు ఫోర్డ్ ప్రకటించిన పథకంలో విధేయతా ప్రమాణం చేయాలి, రెండేళ్ల దాకా ప్రజాసేవ చేయాలి అని షరతులు పెట్టారు. దానికి ఎనిమిది రోజుల ముందే, వాటర్‌గేట్ కుంభకోణంతో పదవి వదిలిన మాజీ అధ్యక్షుడు నిక్సన్‌కు మాత్రం ఏ షరతూ లేకుండా క్షమాభిక్ష! (ఈ మాట దగ్గర పెద్దాయన గట్టిగా నవ్వారు.) తర్వాత కార్టర్ పదవిలోకి వచ్చిన మర్నాడే, 1977 జనవరి 21న, షరతుల్లేకుండా క్షమించేశారు. 1964 ఆగస్టు 4 నుంచి 1973 మార్చి 28 దాకా డ్రాఫ్ట్ (నిర్బంధంగా సైన్యంలో చేర్చుకునే) చట్టాన్ని ఉల్లంఘించినవాళ్లకు అది వర్తించింది. హింసకు దిగినవాళ్లను మినహాయించడం అర్థమవుతుంది. కానీ సైన్యంలో చేరాక పారిపోయినవాళ్లను ఎందుకు వదిలేశారు? చదువూ డబ్బూ ఉన్న కుర్రాళ్లకు ముందే తప్పించుకునే దారులు తెలుసు. పేదింటి పిల్లలకు చేరాకే కదా కళ్లు తెరుచుకునేది? నాకైతే ఇది అన్యాయంగానే ఉంది. సైన్యం ఒత్తిడా, చట్టపరమైన చిక్కా?

ఇంకొకటి. ఈయన కెనడా పౌరసత్వం తీసుకున్నారు. అలాంటివాళ్లకు క్షమాభిక్షతో పాత పౌరసత్వం తిరిగొచ్చిందా, లేక విదేశీయుల్లాగే వెళ్లి రావాలా? ఆయన్నే అడుగుదామంటే మొహమాటంగా ఉంది. తెలిసినవాళ్లు చెప్పగలరు.