మయోర్కాలో మూడు గోల్ఫ్ రౌండ్లు: పేరున్న కోర్సులా, మన ఆటకు సరిపోయేవా?

రైన్_రఘు:
అందరికీ నమస్కారం. అక్టోబర్ చివరి వారంలో గోల్ఫ్ ఆడటానికి స్పెయిన్ ద్వీపం మయోర్కా వెళ్తున్నాం. నలుగురం, అందరం జర్మనీలోనే ఉంటాం. బస ద్వీపం రాజధాని పాల్మాలో. మూడు రౌండ్లు ఆడే వీలుంది. హ్యాండిక్యాప్‌లు (ఆట స్థాయిని చెప్పే అంకె, తక్కువైతే ఆట మెరుగు) 14, 22, 29. నాలుగో ఆవిడ ఈ ఏడాదే ప్లాట్స్‌రైఫె (జర్మనీలో కొత్తవాళ్ళు కోర్సులో ఆడటానికి పాసవ్వాల్సిన పరీక్ష) పాసయ్యారు, ఇంకా కొత్తవాళ్ళ అంకె 54 మీదే ఉన్నారు.

ద్వీపం మొత్తం మీద ఇరవైకి పైగా కోర్సులున్నాయి. నేను రాసుకున్న లిస్టు అల్కనాడా, సోన్ గ్వాల్, ఆంద్రాచ్. మా వాళ్ళలో ఇద్దరు ఒప్పుకోవడం లేదు. అంత డబ్బు పోసి బంతులు పోగొట్టుకోవడం దేనికి అంటున్నారు. నా మాట ఏమిటంటే, టికెట్టు, గోల్ఫ్ బ్యాగ్ చార్జీ, కారు అద్దె అన్నీ పెట్టుకుని అంత దూరం వెళ్ళాక ఇంటి పక్కన దొరికే లాంటి కోర్సులో ఆడితే వెళ్ళినట్టే ఉండదు. మీరేమంటారు?

దీపస్తంభం:
రఘు గారూ, మీతో నేను ఏకీభవిస్తాను. అల్కనాడాను మాత్రం వదులుకోవద్దు. రాబర్ట్ ట్రెంట్ జోన్స్ సీనియర్, ఆయన కొడుకు జూనియర్ కలిసి గీసిన కోర్సు అది. పెద్దాయన 2000లో పోయారు, కోర్సు తెరిచింది 2003లో. ఎదురుగా చిన్న దీవి, దాని మీద లైట్‌హౌస్, వెనక్కి తిరిగితే కొండలు. చాలా హోల్స్ నుంచి అల్కూదియా అఖాతం కనిపిస్తూనే ఉంటుంది. 2019లో ప్రొఫెషనల్స్ ఆడే యూరప్ ఛాలెంజ్ టూర్ ఫైనల్ అక్కడే జరిగింది, 2022లో మళ్ళీ అక్కడికే వచ్చింది. ప్రొఫెషనల్స్ ఆడిన గడ్డి మీద మనమూ నిలబడి ఆడగలం. క్రికెట్‌లో మనకు ఈ అవకాశం ఎక్కడుంది? లార్డ్స్‌లోకి ఎవరైనా బ్యాట్ పట్టుకుని వెళ్ళి ఆడగలరా? గోల్ఫ్‌లో ఉన్న గొప్పతనమే అది. డబ్బులున్నాయని కాదు, ఆ అవకాశం ఉందని వెళ్ళాలి.

ఎర్రటీ_వాణి:
ఇలాంటి చర్చల్లో ఎప్పుడూ 14 హ్యాండిక్యాప్ ఉన్నాయనే మాట్లాడతారు. 54 ఉన్న ఆవిడ ఆ రోజంతా ఏం చేస్తారో ఎవరూ అడగరు.

రఘు గారూ, ఆంద్రాచ్ గురించి మీరేం చదివారో తెలియదు. ఎత్తుపల్లాల మధ్య వేసిన కోర్సు అది. ఆరో హోల్ పార్ 5 (ఐదు దెబ్బల్లో ముగించాల్సింది), వెనక టీ (మొదటి దెబ్బ కొట్టే చోటు) నుంచి 600 మీటర్లు దాటుతుంది. యూరప్‌లోని అతి పొడవైన హోల్స్‌లో ఒకటిగా చెప్పుకుంటారు. ఎర్ర టీలు ముందుకే ఉంటాయి, ఒప్పుకుంటాను. కానీ కొత్తగా ఆడేవాళ్ళను ఇబ్బంది పెట్టేది పొడవు కాదు, దాటించి కొట్టాల్సిన దూరం. ఎదురుగా లోయో, నీళ్ళో, పొదలో ఉండి, బంతి గాల్లోనే 100 మీటర్లు పోతే తప్ప ఫెయిర్‌వే (గడ్డి కోసి ఉంచిన దారి) దొరకదంటే, గాలిలో 70 మీటర్లు కొట్టే మనిషికి ఆ హోల్ అక్కడితో అయిపోయినట్టే. నేల మీద దొర్లించుకుంటూ వెళ్ళే దారి ఉందా లేదా అన్నది ముందు చూడాలి. చాలా కోర్సులు వెబ్‌సైట్‌లో ప్రతి హోల్‌కీ పటం పెడతాయి. ఎర్ర టీ దగ్గర వేలు పెట్టి అక్కడి నుంచి చూడండి.

రెండోది స్లోప్, అంటే మామూలు ఆటగాళ్ళకు కోర్సు ఎంత కష్టమో చెప్పే అంకె. సగటు 113 అనుకుంటే, స్లోప్ 120 ఉన్న చోట 29 హ్యాండిక్యాప్ వాళ్ళకు దాదాపు 31 అదనపు స్ట్రోకులు (దెబ్బలు) వస్తాయి, 140 ఉన్న చోట 36 వస్తాయి. అంటే ఆ కోర్సు మీ దగ్గర ఇంకో ఐదు తప్పులు ఆశిస్తోందని అర్థం. స్ట్రోకులైతే తిరిగి ఇస్తారు. పొదల్లో బంతి వెతికిన టైమ్ ఎవరూ తిరిగి ఇవ్వరు, వెనక గ్రూపు వచ్చి నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడితే పడే టెన్షన్‌కు లెక్కే లేదు. కొత్తవాళ్ళు ఆట మానేసేది ఇలాంటి రౌండ్ల తర్వాతే.

దీపస్తంభం:
వాణి గారూ, ప్రతి హోల్‌కూ పాయింట్లు లెక్కించే స్టేబుల్‌ఫోర్డ్ పద్ధతిలో ఆడితే సరిపోతుంది కదా. పాయింట్ రాదనుకున్నప్పుడు బంతి తీసి జేబులో వేసుకోవచ్చు. హాయిగా సముద్రం చూస్తూ నడవచ్చు.

ఎర్రటీ_వాణి:
సీజన్‌లో పేరున్న చోట గ్రీన్ ఫీ (ఒక రౌండ్ ఆడటానికి కట్టే డబ్బు) 150 యూరోలు దాటడం మామూలే. అంత కట్టి బంతి జేబులో వేసుకుని నడవమని మీ చెల్లెలికి చెప్తారా? సముద్రం చూడాలంటే అల్కూదియా బీచ్‌లో ఉచితంగా చూడొచ్చు.

నడిచే_గోల్ఫర్:
ఇద్దరి మాటల్లోనూ నిజముంది కానీ, అసలు సంగతి ఇంకా ఎవరూ ఎత్తలేదు. అది గడియారం. అక్టోబర్ చివరి ఆదివారం గంట వెనక్కి తిప్పుతారు. ఆ తర్వాత పాల్మాలో సూర్యాస్తమయం సాయంత్రం ఆరు లోపే, ఇంచుమించు 5:50కి. నలుగురు కలిసి 18 హోల్స్ ఆడితే నాలుగున్నర గంటలు, మీ గ్రూపుకైతే ఐదు పట్టొచ్చు. కాబట్టి పన్నెండున్నర దాటిన టీ టైమ్ (ఆట మొదలుపెట్టే టైమ్) ఏదైనా పూర్తి రౌండ్‌కు సందేహమే. ట్విలైట్ (సాయంత్రపు) రేటు తక్కువ కదా అని బుక్ చేసుకుంటే చివరి మూడు నాలుగు హోల్స్ చీకట్లో పోతాయి. అల్కనాడా పాల్మా నుంచి 60 కిలోమీటర్ల దూరం, గంట ప్రయాణం పెట్టుకోండి. అక్కడ తొమ్మిదిన్నర టీ టైమ్ అంటే, బంతులు కొట్టి చేతులు సాగదీసుకోవడానికి టైమ్ కావాలి కాబట్టి ఏడున్నరకే హోటల్ వదలాలి.

పాల్మాలో ఉంటున్నారు కాబట్టి నా ఓటు నగరం పక్కనే ఉన్న మూడింటికి. సోన్ వీదా, సోన్ ముంతనేర్, సోన్ కింట్. సోన్ వీదా 1964లో మొదలైంది, ద్వీపంలో మొట్టమొదటి కోర్సు అదే. పాతకాలపు తీరు, ఇరుకైన ఫెయిర్‌వేలు, చెట్లు. సోన్ ముంతనేర్‌లో వెయ్యేళ్ళ పైబడిన ఆలివ్ చెట్టు ఒకటుంది. 2022లో ప్రొఫెషనల్స్ పోటీ మయోర్కా గోల్ఫ్ ఓపెన్ కూడా ఆ కోర్సులోనే ఆడారు. అంటే దీపస్తంభం గారు చెప్పిన ‘ప్రొఫెషనల్స్ ఆడిన గడ్డి’ పాల్మాకు పావుగంట దూరంలోనే ఉంది. సోన్ కింట్ ఆ మూడింటిలో విశాలమైనది. 54 హ్యాండిక్యాప్ ఆవిడకు మొదటి రోజు అదే మంచిది.

వర్షం సంగతి కూడా చూసుకోండి. అక్కడ అక్టోబర్, నవంబర్ నెలల్లోనే వానలెక్కువ. 2018 అక్టోబర్ 9న తూర్పు వైపు సాంత్ లొరెన్స్ ఊళ్ళో ఒక్క సాయంత్రం కురిసిన వానకు వరద వచ్చి 13 మంది చనిపోయారు. భయపెట్టడానికి చెప్పడం లేదు. ముందుగా డబ్బు కట్టేసిన రౌండ్లను చివరి నిమిషంలో మార్చుకునే వీలుందో లేదో అడిగి, ఆ తర్వాతే బుక్ చేయండి.

రైన్_రఘు:
చీకటి సంగతి నా దృష్టికి రాలేదు, థాంక్స్ అండీ. తూర్పు వైపు పులా కూడా బాగుంటుందని ఒక ఫ్రెండ్ అన్నాడు. స్పెయిన్ గోల్ఫర్ ఒలాథాబల్ తీర్చిదిద్దిన కోర్సట.

నడిచే_గోల్ఫర్:
నిజమే. 2003 నుంచి 2007 దాకా యూరోపియన్ టూర్ పోటీ అక్కడ జరిగింది, 2005లో ఒలాథాబలే గెలిచారు. కానీ ఆ మూల కోర్సులు ఆడాలంటే బస కూడా ఆ మూలే ఉండాలి. పులా, కప్దెపేరా, కన్యమెల్, సోన్ సెర్వేరా నాలుగూ దగ్గర దగ్గరగా ఉంటాయి. పాల్మాలో పడుకుని అక్కడికి రోజూ తిరిగితే సెలవంతా కారులోనే గడుస్తుంది. కన్యమెల్ కొండ కోర్సు కాబట్టి బగ్గీ (కోర్సులో తిరిగే చిన్న బండి) తీసుకోక తప్పదు.

నీటి_లెక్క:
మీరంతా గడ్డి ఎలా ఉంది, టీ టైమ్ ఎప్పుడు అని మాట్లాడుకుంటున్నారు. ఆ గడ్డి ఏ నీటితో పెరుగుతోందని ఒక్కరైనా అడిగారా? వేసవిలో కొన్ని ఊళ్ళలో నీటి వాడకం మీద ఆంక్షలు పెట్టే ద్వీపం అది. పాల్మా ఎయిర్‌పోర్టు గుండా 2024లో 3 కోట్ల 30 లక్షల మంది ప్రయాణికులు వెళ్ళారు. అదే ఏడాది మే, జూలై నెలల్లో పాల్మా వీధుల్లో వేలాది మంది స్థానికులు పర్యాటకం మితిమీరిపోయిందని ఊరేగింపులు చేశారు. ఇళ్ళ అద్దెలు కట్టలేక ఊరు వదిలిపోతున్నామన్నది వాళ్ళ బాధ. అనంతపురం జిల్లాలో బోర్లు ఎండిపోవడం చూస్తూ పెరిగినవాణ్ణి నేను. నీటి కరువున్న చోట పచ్చటి ఫెయిర్‌వే చూస్తే నాకు మనసు ఒప్పదు. కోర్సు ఎంచుకోవడమంటే అది కూడా ఎంచుకోవడమే.

మురుగునీటి_ఇంజనీర్:
అన్నా, మీ బాధ అర్థమైంది. నేను పనిచేసేది శుద్ధి ప్లాంట్లలోనే కాబట్టి ఒక మాట చెప్తాను. మయోర్కా ఉన్న బలేరిక్ దీవుల్లో 1988లోనే గోల్ఫ్ కోర్సుల మీద ప్రత్యేక చట్టం వచ్చింది. శుద్ధి చేసిన మురుగునీటితోనే తడపాలన్నది అందులో ముఖ్యమైన షరతు. అంటే తాగునీటికీ దీనికీ నేరుగా పోటీ లేదు.

ఆ నీటితో గడ్డి పెంచడం తేలికేమీ కాదు. తీరప్రాంతపు పాత మురుగు పైపుల్లోకి సముద్రపు నీరు ఊరుతుంది. ఆ ఉప్పు మామూలు శుద్ధిలో పోదు. అందుకే వేడి ప్రాంతాల కోర్సుల్లో బెర్ముడా లాంటి ఉప్పును తట్టుకునే గడ్డి వేస్తారు. అది చలికి రంగు మారి పసుపు పచ్చగా కనిపిస్తుంది. ఎవరైనా శీతాకాలంలో వెళ్ళి ‘గడ్డి బాగాలేదు’ అని తక్కువ స్టార్లు ఇస్తే, ఆ కోర్సు ఎక్కువ నీళ్ళు, ఎక్కువ విత్తనాలు పోసి పచ్చగా చూపించాల్సి వస్తుంది. రివ్యూలు చదివి కోర్సు ఎంచుకునేవాళ్ళు దీన్ని గుర్తుపెట్టుకోవాలి. పసుపు పచ్చ ఫెయిర్‌వే మీద కూడా బంతి చక్కగా దొర్లుతుంది.

నీటి_లెక్క:
చట్టం గురించి తెలుసు తమ్ముడూ. శుద్ధి చేసిన నీరు ఊరికే దొరకదు. దాన్ని పొలాలకు ఇవ్వొచ్చు, భూగర్భంలోకి ఇంకించొచ్చు. మయోర్కాలో బాదం, ఆలివ్ తోటలు ఇంకా ఉన్నాయి. గోల్ఫ్‌కు ఇచ్చిన ప్రతి చుక్కా వాటికి ఇవ్వనిదే.

భూమి సంగతి కూడా ఉంది. మూరో దగ్గర సోన్ బోస్క్ అనే చోట గోల్ఫ్ కోర్సు వేయాలని ఏళ్ళ తరబడి ప్రయత్నించారు. పక్కనే అల్బుఫేరా చిత్తడి నేల, 1988 నుంచి నేచురల్ పార్క్. అక్కడ అరుదైన ఆర్కిడ్ మొక్కలు పెరుగుతాయి, తేనెటీగలు తినే పక్షులు ఇసుక నేలలో గూళ్ళు తవ్వుకుంటాయి. గోబ్ అనే స్థానిక పర్యావరణ సంఘం పట్టుబట్టి పోరాడింది. ఆ కోర్సు రాలేదు. మీరంతా అల్కనాడా వెళ్ళే దారి దానికి దగ్గర్లోనే పోతుంది. కొత్త కోర్సు వస్తే బాగుండునని ఎవరైనా రాసినప్పుడు నాకు ఆ చోటే గుర్తొస్తుంది.

మురుగునీటి_ఇంజనీర్:
పొలాలకు ఇవ్వాలన్న మాట న్యాయమైనదే. కాకపోతే ఉప్పు నీరు బాదం చెట్లకు పనికిరాదు, దాన్ని ఇంకా శుద్ధి చేయాలి, దానికి కరెంటు, డబ్బు కావాలి. ఆ ఖర్చు గోల్ఫర్ల దగ్గర వసూలు చేయండి అంటే నేను మీ పక్షమే. 2016 నుంచి అక్కడ బస చేసే పెద్దవాళ్ళ దగ్గర రాత్రికి ఇంతని పర్యాటక పన్ను తీసుకుంటున్నారు. అలాంటిదే గ్రీన్ ఫీ మీద వేస్తే నేను సంతోషంగా కడతాను.

గోల్కొండ_స్వింగ్:
హైదరాబాద్ నుంచి రాస్తున్నాను. మావాళ్ళు ఒకసారి వెళ్ళొచ్చాక చెప్పిన సంగతి ఇది. ఇక్కడ మనకు బ్యాగు మోసే క్యాడీ ఉంటాడు. బంతి ఎటు పోయిందో చూస్తాడు, గ్రీన్ మీద వాలు ఎటుందో చెప్తాడు. మయోర్కాలో బ్యాగు మనమే లాక్కోవాలి, బంతి మనమే వెతుక్కోవాలి. క్యాడీకి అలవాటు పడినవాళ్ళ స్కోరు అక్కడ నాలుగైదు స్ట్రోకులు పెరుగుతుంది. అందుకే ఇండియా నుంచి వెళ్ళేవాళ్ళు మొదటి రోజు చూపు అడ్డుపడని, తెరిపిగా ఉన్న కోర్సునే పెట్టుకోవాలి. హ్యాండిక్యాప్ సర్టిఫికెట్ ప్రింట్ తీసుకెళ్ళండి, పేరున్న చోట్ల అడుగుతారు.

రైన్_రఘు:
అందరికీ ధన్యవాదాలు. ఇంట్లో మాట్లాడుకున్నాం. ఆంద్రాచ్ తీసేశాం. మొదటి రోజు సోన్ కింట్, నలుగురం. రెండో రోజు సోన్ ముంతనేర్, ఉదయం పది గంటలకు. మూడో రోజు అల్కనాడా నేనూ, 22 హ్యాండిక్యాప్ ఉన్న మా బావా మాత్రమే. మిగతా ఇద్దరూ పొయెన్సాలో తొమ్మిది హోల్స్ కోర్సు ఆడి అల్కూదియా పాత ఊరికి వస్తారు. సోన్ గ్వాల్ ఈసారికి లేదు. దాని బంకర్లు, చెరువుల ఫోటోలు చూశాక 29 హ్యాండిక్యాప్ ఆయనే వద్దన్నాడు.

నీటి_లెక్క గారూ, ప్రయాణం మానుకోలేను. కానీ జూలైలో మళ్ళీ వెళ్దామన్న ఆలోచన వదిలేశాను.

దీపస్తంభం:
గ్రూపును విడగొట్టడం నాకు నచ్చలేదు రఘు గారూ. రాత్రి భోజనం దగ్గర ఇద్దరు లైట్‌హౌస్ గురించి చెప్తుంటే మిగతా ఇద్దరూ వింటూ కూర్చోవాలి. నలుగురూ అల్కనాడాకే వెళ్ళండి, ముందు టీల నుంచి ఆడండి.

ఎర్రటీ_వాణి:
నాకు మాత్రం ఇదే సరైన ఏర్పాటు. రఘు గారూ, వేరుగా వెళ్ళాలన్న నిర్ణయం ఆ ఇద్దరిదేనా, మీరు చెప్తే సరేనన్నారా? అదొక్కటి బుక్ చేసే ముందు ఆవిడనే అడగండి. ఆవిడ అల్కనాడాకే వస్తానంటే అప్పుడు దీపస్తంభం గారి మాటే నాదీ. ఎర్ర టీ నుంచి, తొమ్మిదిన్నర లోపు టీ టైమ్‌తో, బ్యాగులో బంతులు ఎక్కువ వేసుకుని తీసుకెళ్ళండి.