‘అదను వాన’ అనొచ్చా? సొంగ్ జియాంగ్ మారుపేరుకి తెలుగు మాట

మిత్రులారా, ఒక్క మాట దగ్గర వారం రోజులుగా ఆగిపోయాను. మీ సాయం కావాలి.

చైనా పాత నవల ‘షుయిహు జువాన్’ ఉంది కదా, 14వ శతాబ్దం నాటి షి నైఆన్ పేరు మీద చెలామణీలో ఉన్నది. అందులో కొన్ని ఘట్టాలు తెలుగులో రాసుకుంటున్నాను. లియాంగ్‌షాన్ కొండ, చుట్టూ నీటి మడుగులు, సర్కారుకి ఎదురు తిరిగి అక్కడ చేరిన 108 మంది. వాళ్ల నాయకుడు సొంగ్ జియాంగ్. పొట్టివాడు, నల్లనివాడు. దొంగల్లో కలవకముందు యున్‌చెంగ్ కచేరీలో గుమాస్తా. జనం ఆయనకి పెట్టిన మారుపేరు ‘జీషీయూ’.

‘జీ’ అంటే అందుకోవడం. ఆ అక్షరం తొలి రూపంలో ఒక చెయ్యి వెనక నుంచి మనిషిని అందుకుంటున్నట్టు ఉంటుంది. ‘షీ’ అంటే వేళ, ‘యూ’ అంటే వాన. వేళకి అందిన వాన అన్నమాట. ఆ పేరు ఎందుకొచ్చిందో నవలే చెప్తుంది. దిక్కులేనివాళ్లకి శవపేటికలు ఇప్పిస్తాడు, రోగులకి మందులిస్తాడు, అడిగినవాడికి లేదనడు. అందుకే ఆకాశం నుంచి వేళకి కురిసి సమస్తాన్నీ బతికించే వానతో ఆయన్ని పోల్చుకున్నారట.

ముందు ‘సకాల వర్షం’ అని రాశాను. చదువుకుంటే రేడియోలో వాతావరణ వార్త విన్నట్టుంది. ఈ పేరుతో అసలు చిక్కు ఏంటంటే, కథలో అది ఊరికే అలంకారంగా ఉండదు, పని చేస్తుంది. చింగ్‌ఫెంగ్ కొండ మీద దొంగలు సొంగ్ జియాంగ్‌ని పట్టి కట్టేస్తారు. మత్తు దిగడానికి ఆయన గుండె కోసి పులుసు కాచుకుందామనుకుంటారు. కత్తి ఎత్తిన వేళ ఆయన నిట్టూర్చి, “అయ్యో, సొంగ్ జియాంగ్ ఇక్కడ చావాల్సి వచ్చిందే” అంటాడు. ఆ పేరు చెవిన పడగానే ముఠా నాయకుడు యెన్ షున్ లేచి వచ్చి, నువ్వు ఏ సొంగ్ జియాంగ్‌వి అని గుచ్చి గుచ్చి అడుగుతాడు. ఆ వానే అని తేలాక తనే కట్లు కోసి కాళ్ల మీద పడతాడు. ముఖం ఎరగనివాళ్లకి కూడా పేరు తెలుసు. అలాంటి పేరు దొంగల నోట్లో తేలిగ్గా పలకాలి, పొలంలో పుట్టిన మాటలా ఉండాలి.

అప్పుడు మన సామెత గుర్తొచ్చింది: ‘ఆరుద్ర వాన అదను వాన’. ‘అదను వాన’ అని పెట్టొచ్చా?

జవాబు: ‘ఆపద్బాంధవుడు’ ఉండగా కొత్త మాట ఎందుకండీ? చదివేవాళ్లకి వెంటనే అర్థమవుతుంది.

జవాబు: మాది అనంతపురం. మేం ‘పదును వాన’ అంటాం. విత్తనం వెయ్యడానికి నేల తడిసేంత వాన. మాకు అంతకన్నా విలువైన వాన లేదు. అది వాడండన్నా.

మొదటి పోస్టు రాసిన నేనే: ఇద్దరికీ థ్యాంక్స్. ‘ఆపద్బాంధవుడు’ అంటే అర్థం వస్తుంది కానీ వాన పోతుంది అక్కా. బాంధవుడు ఎవరో ఒకరికి చుట్టం. వాన ఎవరికీ చుట్టం కాదు, ఎవరి పొలమని అడిగి పడదు. సొంగ్ జియాంగ్ వెండి ఇచ్చేది కూడా అలాగే. లీ కుయ్ అనే మొరటువాణ్ని మొదటిసారి చూసిన రోజే ముప్పై తులాల పైచిలుకు వెండి చేతిలో పెడతాడు. వాడు దాన్ని తీసుకెళ్లి జూదంలో పోగొడతాడు. అయినా ఈయన మనసులో ఏమీ పెట్టుకోడు.

తమ్ముడూ, ‘పదును వాన’ విన్నప్పుడు నాకు ప్రాణం లేచొచ్చింది. కానీ పదును నేలకి సంబంధించింది, తడి ఎంత దిగిందో చెప్తుంది. అదను కాలానికి సంబంధించింది. చైనా మాటలో ఉన్నది కాలమే. పైగా దొంగల కథలో ‘పదును’ అనగానే చదివేవాళ్లకి కత్తే తడుతుంది.

చైనా వాళ్లకీ ఇది పాత ఊహే. వాళ్ల పాత కవి దూ ఫూ 761లో చెంగ్‌దూ నగరంలో ఉండగా రాసిన పద్యం, మంచి వానకి తన వేళ తెలుసు అనే మొదలవుతుంది. మనమేమో ‘వాన రాకడ, ప్రాణం పోకడ ఎవరికెరుక’ అంటాం. ఎప్పుడొస్తుందో తెలియని వాన సరిగ్గా కావలసినప్పుడు రావడం ఎంత పెద్ద విషయమో రెండు చోట్లా రైతుకే తెలుసు.

జవాబు: ఒక సందేహం మాస్టారూ. ‘అదను చూసి దెబ్బ కొట్టాడు’ అని కూడా అంటాం కదా. మంచివాడి పేరులో ఆ నీడ పడదా?

నేనే: మంచి ప్రశ్న. పడుతుంది. పడనివ్వడమే సరైనదని నాకనిపిస్తోంది. సొంగ్ జియాంగ్ పూర్తిగా మంచివాడని అందరూ ఒప్పుకోలేదు. 17వ శతాబ్దంలో ఈ నవలని 70 అధ్యాయాలకి కుదించి వ్యాఖ్య రాసిన జిన్ షెంగ్‌తాన్‌కి ఈయన కపటి. పెద్ద ప్రతుల్లో ముగింపు ఇంకా బరువైనది. చక్రవర్తి క్షమాభిక్ష తీసుకుని, చివరికి దర్బారు పంపిన విషం కలిసిన సారా తాగుతాడు. తాను పోయాక లీ కుయ్ తిరగబడి తన విధేయతకి మచ్చ తెస్తాడని భయపడి, వాణ్ని పిలిపించి అదే సారా తాగిస్తాడు. అది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. తనని నమ్మినవాడికి ఆ వాన అలా కురిసింది. ‘ఆపద్బాంధవుడు’ అని రాసి ఉంటే ఆ పేజీ దగ్గర పేరే అబద్ధమయ్యేది. ‘అదను’ రెండు వైపులా నిలబడుతుంది.

ఇంకో సుఖం. చైనా వాళ్లు మారుపేరుని పేరుకి ముందే పెడతారు, మన ఇంటిపేరులాగా. ‘అదనువాన సొంగ్ జియాంగ్’ అని కలిపి రాస్తే తెలుగు చెవికి ఎక్కడా తట్టుకోదు. అలాగే ఖాయం చేస్తున్నాను.

ఇప్పుడు లీ కుయ్ మారుపేరు దగ్గరికొచ్చాను. ‘నల్ల సుడిగాలి’ అనాలా, ‘కారు సుడిగాలి’ అనాలా? ‘చిన్న సుడిగాలి’ అని చాయ్ జిన్ ఒకడు ముందే ఉన్నాడు, రెండూ పక్కపక్కన కుదరాలి. చెప్పండి.